తువ్వాలు, రాయి, ఓడలు

ముందు పోయినవి రాస్తాను. కొండ మీది కాపలా మనిషి ఎడమ కన్ను పూర్తిగా. కుడి కన్ను ముప్పాతిక పాలు, ఆ తరువాత మిగిలిన పాతిక కూడా. కొండ మీద రేకుల గది, ఆ గదితో పాటు తొమ్మిదేళ్ళ కొలువు. ఒక మడత మంచం, ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు: ఇవి కిందికి మోసుకొచ్చే మనిషి లేక అక్కడే ఉండిపోయాయి. మా ఆదివారం నడకలు, ఏడాదికి నలభై చొప్పున. చివరికి, మూడు వారాల కిందట, ఆ మనిషే. వరసలో మనిషిని చివర రాయడం నాకే బాగాలేదు. కానీ జరిగిన క్రమం అదే.

నేను ఓడరేవులో టాలీ క్లర్కుని. ఓడలోంచి ఎంత సరుకు దిగింది, ఎంత లారీల్లోకి ఎక్కింది, నిలబడి లెక్క రాయడం నా పని. పదో తరగతి తరువాత నాకు లెక్కలు చెప్పినవాళ్ళు లేరు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు కట్టుబడికి వచ్చి, ఇక్కడే ఉండిపోయి, నన్ను పద్దెనిమిదేళ్ళకే పనిలో పెట్టాడు. సగటు, శాతం, గ్రాఫు గీయడం అన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నవి. అలా నేర్చుకున్నవాడికి తన లెక్క మీద ఉండాల్సినదాని కంటే ఎక్కువ నమ్మకం ఉంటుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

షుగరు వచ్చాక డాక్టరు నడవమన్నాడు. మా వీధిలో అలా నడవమనిపించుకున్నవాళ్ళం ఏడుగురం తేలాం. రోడ్డు మీద లారీల దుమ్ములో నడవలేక ఆదివారాలు యారాడ వైపు కొండ ఎక్కడం మొదలుపెట్టాం. నా లెక్కలో గంటా పది నిమిషాలు ఎక్కాలి. పైన ఒక టవరు, దాని పక్కన రేకుల గది, ఆ గదిలో కాపలాకి ఒక మనిషి. శిఖరానికి కొంచెం ముందు నలభై అడుగుల మేర నున్నటి రాయి ఉంది, దాని మీదుగా దాటాలి. పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మొదటి వానాకాలం, కింద ఎండ కాస్తోంది కదా అని బయల్దేరాం. పైన మబ్బు కొండని కప్పేసి ఉంది. ఆ రాయి మీద మా బావ జారాడు. అతను నాకు బంధువేమీ కాదు, స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఇక్కడి వాడుకలో బావ. మణికట్టు విరిగింది. అతని కేకకి మబ్బులోంచి ఒక పొట్టి మనిషి వచ్చాడు. చెప్పుల్లేవు. మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, పైన ఉన్ని స్వెట్టరు. భుజం మీది తువ్వాలుతో బావ చేతికి కట్టు కట్టి, మా ఏడుగురినీ ఒక్కొక్కరినే చూశాడు.

"కింద ఎండుందని పైకొచ్చీసినారా?"

మేం మా తడిసిన బూట్ల వైపు చూసుకున్నాం.

"కిందదానికీ పైదానికీ ఏటి సమ్మందం? మీ ఊర్లో మేడ మీద అన్నం ఉడికితే కింద పొయ్యి మీద ఉడికినట్టేనా? ఇంకెప్పుడైనా బైల్దేరీ ముందు నాకో ఫోను కొట్టండి. ఊరికే కూకునే ఉంటాను."

ఆ మరుసటి ఆదివారం నుంచి ప్రతి ఆదివారం, తెల్లవారి వెలుతురు రాగానే, నేను ఆయనకి ఫోను చేసేవాణ్ణి. నాలుగేళ్ళకి పైగా చేశాను.

ఆయన ఎప్పుడూ బాగుంది, బాగాలేదు అనేవాడు కాదు. రండి అనలేదు, వద్దనీ అనలేదు. మూడు సంగతులు చెప్పేవాడు. గది ముందు తీగ మీద ఆరేసిన తువ్వాలు ఎలా ఉంది, అది గాలి. పెద్ద రాయి మీద వట్టికాళ్ళతో రెండడుగులు వేస్తే ఎలా ఉంది, అది తడి. సముద్రంలో లంగరు వేసి రేవులోకి పిలుపు కోసం ఆగిన ఓడలు ఎన్ని కనబడుతున్నాయి, అది మబ్బూ మంచూ.

"తువ్వాలు, బాబాయ్?"

"గాలికి సగం పైకి నేచింది."

"రాయి?"

"ఉండు." అడుగుల చప్పుడు. మళ్ళీ అడుగుల చప్పుడు. "కాలు అంటుకుంతంది. పరవానేదు."

"ఓడలు?"

ఓడల్ని పైకే లెక్కపెట్టేవాడు. రేవు ముఖం దగ్గర మొదలుపెట్టి భీమిలి వైపు పోయేవాడు. "లాభం, రెండు, మూడు..." ధాన్యం కొలిచేవాళ్ళు ఒకటికి బదులు లాభం అన్నట్టే ఆయన చేపల తట్టల్ని అలా లెక్కపెట్టేవాడట, ఓడలకీ అదే అలవాటు. మొదటి రెండు వారాలు అది నాకు తెలియక, లెక్క రెండుతో మొదలైందనుకుని, ఒక ఓడ తక్కువ రాసుకున్నాను. తరువాత సరిదిద్దాను.

మూడూ చెప్పాక ఆయన మాట ఒకటే: "నాను సెప్పింది ఇప్పటిది. మీరొచ్చీసరికి కొండ మాట మార్చీగల్దు. ఇంక మీ ఇష్టం." ఫోను పెట్టేసేవాడు.

నేను ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాను. పక్కన నా ఫోనులో చూపించే వాతావరణం కూడా రాశాను. మొదటి యాభై ఆదివారాల్లో నా ఫోను ముప్పై ఒక్కసార్లు సరిగ్గా చెప్పింది. ఆయన తువ్వాలు, రాయి, ఓడలు కలిపి నలభై ఏడుసార్లు. ఆ మాట చెబితే ఆయన పెద్దగా సంతోషించలేదు. "ఆ మూడు సార్లు ఏటయ్యింది?" అని అడిగాడు. తేదీలు చెప్పించుకుని, ఒక్కోటీ గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు కూర్చున్నాడు. తప్పు చెప్పానేమోనన్నది ఆయన్ని తినేసేది. అంత పట్టింపు నాకు మా ఆఫీసులో ఎవరి దగ్గరా కనబడలేదు.

ఆయనది జాలరిపేట. నలభై ఏళ్ళు వచ్చేదాకా వేట. మోకాలు పాడై బోటు దిగిపోయాక, ఎవరో చెబితే ఈ కాపలాకి వచ్చాడు. వారానికి ఒకసారి కిందికి దిగి ఇంటికి వెళ్ళేవాడు. కొండ మీద ఒంటరిగా విసుగు రాదా అని బావ అడిగితే, "సముద్రం పైనుంచి సూత్తే బొమ్మలాగుంటాది బావా. లోపల కూకున్నప్పుడు ఇలగ ఒక్కసారైనా కనపడ్నేదు" అన్నాడు. ఎప్పుడూ సిమెంటు దిమ్మ మీద గొంతుకూర్చుని ఉండేవాడు, బోటు అంచున కూర్చున్నట్టు. మేం తెచ్చిన ఇడ్లీలు తినేవాడు కాదు, చట్నీ మాత్రం వేళ్ళతో నాకేవాడు. మాకు టీ పోసేటప్పుడు గ్లాసులో వేలు ముంచి పోసేవాడు. మా బావ అసహ్యించుకుంటే, "వేలు పెట్టకపోతే నిండినాదో నేదో ఎలగ తెలుస్తాది" అన్నాడు. మేం నవ్వాం. ఈ అలవాటు మొదటి ఏడాది లేదు. మూడో ఏడు వచ్చింది. దాన్ని నేను పుస్తకంలో రాయలేదు, ఎందుకంటే అది అంకె కాదు.

అంకెలు మాత్రం రాశాను. ఆయన చెప్పిన ఓడలు, మొదటి ఏడు సగటున తొమ్మిది. రెండో ఏడు ఏడున్నర. మూడో ఏడు ఐదు. నా ఫోనులో కాల్ ఎంతసేపు నడిచిందో కూడా ఉంటుంది. మొదట్లో నిమిషం పది సెకన్లు. మూడో ఏటికి రెండున్నర నిమిషాలు. లాభం అన్న తరువాత రెండు అనడానికి మధ్య చాలా ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో గాలి చప్పుడు వినబడేది.

వరసగా దిగిపోతున్న అంకెలు చూసి నాకు ఒకటే తోచింది. ఊరి గాలి పాడవుతోంది. పొగ, బూడిద, బొగ్గు దుమ్ము. ప్రతి ఇంటి కిటికీ మీదా నల్లటి పొర ఉంటూనే ఉంది, కాబట్టి దూరం మసకబారుతోంది, కాబట్టి ఓడలు తగ్గుతున్నాయి. మూడేళ్ళ అంకెలతో గ్రాఫు గీశాను. గీత ఎంత చక్కగా దిగిందంటే, నాకే ముచ్చటేసింది. ద్వారకా నగర్‌లో ఒక జెరాక్సు షాపులో పెద్ద కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించాను. ఆ డిసెంబరులో ఒక ఆదివారం దాన్ని చుట్టి పట్టుకుని కొండెక్కాను. ఆ ఉదయం ఫోనులో ఆయన చెప్పినవి: తువ్వాలు పడుకుంది, రాయి పొడి, ఓడలు నాలుగు.

దిమ్మ మీద కాగితం పరిచాను. ఆయన దాని మీదికి వంగి, తల ఎడమకీ కుడికీ తిప్పుతూ, కోడి గింజని చూసినట్టు చూశాడు.

"ఈ గీతేటి, కిందికి దిగిపోనాది?"

"అవి మీరు చెప్పిన ఓడలే, బాబాయ్. ఏడాదికేడాది తగ్గుతున్నాయి."

ఆయన కాగితం అంచు మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు.

"తగ్గినాయా?"

"గాలి పాడైంది. దుమ్ము. మీ ఓడల లెక్క లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు."

"అయితే తప్పు గాలిదేనంటావా?"

"గాలిదే."

"నాదేటో అనుకున్నాను." ఊపిరి వదిలి, లేచి నిలబడ్డాడు. "కొన్ని దినాలై కొంచెం దిగులుగుండీది. పోనీలే."

బావ పక్కనుంచి, "నీదైతే ఇన్నాళ్ళూ మమ్మల్ని కొండ మీంచి తోసీసీవోడివి కాదేటి" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ వేళ టీ రెండుసార్లు పోశాడు. దిగబోతుంటే నన్ను వెనక్కి పిలిచాడు.

"లెక్కల బాబూ. నాను ఇయ్యాల నాలుగు సూసినాను. నిజంగా ఎన్నున్నాయో మీ ఆపీసులో రాత్తారు గదా?"

"రాస్తారు."

"సూసి సెప్పు."

"రేపు చూసి చెబుతాను."

ఆ రేపు ఒక బొగ్గు ఓడ దిగుతోంది. పన్నెండు గంటలు నిలబడ్డాను. ఆ వారమంతా అంతే. తరువాతి ఆదివారం ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. నా గ్రాఫు మీద నాకు అనుమానమే లేదు, ఇంక చూడడం ఎందుకు. నిజానికి చూడడానికి ఆఫీసుకి కూడా వెళ్ళక్కర్లేదు. బయట లంగరు వేసిన ఓడలు ఎన్ని, రేవులో ఎన్ని అని నేను రోజూ నా జేబు డైరీలో ఎక్కించుకుంటాను, మర్నాటి పని ఎంత ఉంటుందో తెలియడానికి. ఆ డైరీ, కొండ పుస్తకం, రెండూ మా ఇంట్లో ఒకే సొరుగులో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మూడేళ్ళు అలాగే ఉన్నాయి. ఆ మూడేళ్ళలో లంగరు వేసిన ఓడలు తగ్గలేదు. పెరిగాయి. ఆ సంగతి నా కాళ్ళకి తెలుసు. ఎప్పుడూ లేనంతగా వాచేవి.

ఆ తరువాత ఏడాదీ రెండు నెలలకి, ఫిబ్రవరిలో, ఆయన ఫోనులో ఓడలు రెండు అన్నాడు. మంచు ఉందేమోనని మెల్లగా బయల్దేరాం. పైకి వెళ్ళేసరికి సముద్రం కడిగిన పళ్ళెంలా ఉంది. భీమిలి దాకా ఒడ్డు గీతలా కనబడుతోంది. బావ నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు.

"పద్నాలుగు."

ఆయన దిమ్మ మీదే కూర్చుని ఉన్నాడు. "మంచు ఇప్పుడే ఇడిసింది" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. లేచి మాకు టీ పొయ్యబోయి, గిన్నెని గ్లాసుకి బెత్తెడు పక్కన వంచాడు. టీ దిమ్మ మీద పడి కిందికి కారింది. ఆయన పోస్తూనే ఉన్నాడు. బావ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

కంటి ఆసుపత్రికి ఆయన్ని భార్యే తీసుకెళ్ళింది. నీటికాసులు అన్నారట. నొప్పి ఉండదు, ఎర్రబడదు, పక్కల నుంచి మెల్లగా మూసుకుంటూ వస్తుంది, పోయినది తిరిగి రాదు, ఉన్నదాన్ని మాత్రం చుక్కల మందుతో నిలబెట్టవచ్చు. ముందే వచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడట. ఎంత ముందు అని నేను అడిగాను. ఏడాది అన్నది ఆమె.

ఆమె పూర్ణా మార్కెట్టులో ఎండుచేపలు అమ్ముతుంది. నేను వెళ్ళేసరికి ఎండు నెత్తళ్ళ గుట్ట మీద నీళ్ళు చల్లొద్దని ఎవరితోనో దెబ్బలాడుతోంది. నన్ను చూసి స్టూలు జరిపింది.

"కూకో బాబూ. నువ్వేనా లెక్కల బాబువి?"

"అవును పిన్నీ."

"నిరుడు కాదు, అటు ముందేడు పండగలకి సెప్పినాను నా మొగుడికి. ఒరే, గుమ్మం తగులుకుంతన్నావు, సెంబు తన్నుకుంతన్నావు, పద ఆస్పత్రికి అని. రానన్నాడు. టవరోళ్ళకి తెలిస్తే కొలువు పీకీస్తారని బయం. సరే, ఎవుడికీ సెప్పకుండా ఎల్దాం అన్నాను. వస్తానన్నాడు. మంగళవారం ఎల్దామనుకున్నాం." నెత్తళ్ళని గుప్పిటతో ఎత్తి మళ్ళీ గుట్ట మీద పోసింది. "ఆదివారం నువ్వు కాయితం సూపించినావంట. లెక్కల బాబు గీత గీసి రుజువు సేసినాడే, తప్పు గాలిదంట, నా కళ్ళది కాదంట అని ఇంటికొచ్చి నన్నే యెక్కిరించినాడు. నీ కాయితం గోడకి అంటించుకున్నాడు."

కింద రాలిన నెత్తళ్ళు రెండు ఏరి గుట్ట మీద పెట్టాను.

"నిన్ను తిట్టడానికి సెప్పట్నేదు" అన్నది. "అడిగినావు గాబట్టి సెప్పినాను. నెత్తళ్ళు పట్టుకెల్తావా?"

పావుకిలో తీసుకున్నాను. ఆమె డబ్బులు తీసుకుంది. అదే కొంచెం మేలనిపించింది.

ఆ సాయంత్రం సొరుగులోంచి డైరీ, కొండ పుస్తకం బయటికి తీసి పక్కపక్కన పెట్టాను. ఆ డిసెంబరు ఆదివారం పేజీ చూశాను. తరువాత మిగతావి చూడబుద్ధి కాలేదు. గ్రాఫు నకలు నా దగ్గర ఒకటి ఉంటే చింపేశాను.

కొండ మీదికి వేరే మనిషిని పంపారు. కుర్రవాడు. ఫోను చేస్తే, "యాప్‌లో సూసుకోండి సార్, అన్నీ ఉంటాయి" అంటాడు. మర్యాదగానే అంటాడు. మేం ఇంకో నాలుగుసార్లు ఎక్కి మానేశాం. ఇప్పుడు బావా నేనూ స్కూలు గ్రౌండులో తిరుగుతున్నాం. చుట్టు మూడు వందల ఎనభై అడుగులు.

ఆయన్ని చూడ్డానికి జాలరిపేట ఒకే ఒకసారి వెళ్ళాను. వెళ్ళకపోవడానికి ప్రతి వారం ఒక కారణం దొరికేది. ఇంటి ముందు, వల మూట మీద, గొంతుకూర్చుని ఉన్నాడు. ముఖం సముద్రం వైపు ఉంది. అడుగుల చప్పుడుకే, "లెక్కల బాబా?" అన్నాడు.

"నేనే, బాబాయ్."

"గట్టు మీద మబ్బుందా?"

దక్షిణంగా చూశాను. "ఉంది. టవరు సగం దాకా."

"రాయి తడిసుంటాది. బావని ఎల్లొద్దను."

కాసేపు వాళ్ళ గురించీ వీళ్ళ గురించీ మాట్లాడాడు. చుక్కల మందు ధర చెప్పాడు. గోడ మీద నా కాగితం ఉందేమోనని నేను లోపలికి తొంగి చూడలేదు. లేవబోతుంటే నా మోకాలు తడిమి పట్టుకున్నాడు.

"ఆ దినం నిజంగా ఎన్నున్నాయో సెప్తానన్నావు."

నాకు ఏ దినమో అడగాల్సిన పని లేదు. అంకె నాలిక మీదే ఉంది.

"ఇంకా చూడలేదు బాబాయ్."

"నాను నాలుగు సెప్పినాను."

"అవును."

"ఒకటో రెండో తేడా అయ్యుంటాది. దుమ్ముకి. అంతే గదా?" పట్టు వదల్లేదు. "కళ్ళు పోనాయని కాదు బాబూ. పోయేవి పోతాయి. నా మాట మీద ఏడుగురు రాయి దాటీవోరు. ఎన్నాళ్ళు తప్పు సెప్పినానో అని, అదొక్కటే."

"అంతే అయ్యుంటుంది" అన్నాను. "చూసి చెబుతాను."

"సెప్పు. తొందరేటి నేదు."

రెండేళ్ళు గడిచాయి. ప్రతి ఆదివారం వెలుతురు రాగానే నాకు మెలకువ వచ్చేది. ఫోను చేతిలోకి తీసుకునేవాణ్ణి. ఆ అంకె చెబితే నా తప్పు ఆయనకి తెలుస్తుందని ఒక భయం. ఆయన తప్పు ఆయనకి తెలుస్తుందని ఇంకో భయం. రెండిట్లో ఏది ఎక్కువో నేను కొలవలేకపోయాను. మూడు వారాల కిందట ఆయన భార్య ఫోను చేసి, తెల్లారగట్ట టీ తాగి పడుకున్నాడు, మరి లేవలేదు అని చెప్పింది. నన్ను ఏమీ అడగలేదు.

ఆ డిసెంబరు ఆదివారం, తువ్వాలు పడుకుని, రాయి పొడిగా ఉన్న ఉదయం, ఆయన ఎదురుగా లంగరు వేసి ఉన్న ఓడలు పదకొండు.